పాత వీడియో గేమ్ పెట్టెని ఇంట్లో బాగుచేసుకోవడం ఎలా: ప్లగ్ ఆఖర్న పెట్టాలి

పెట్టె ఇంటికి వచ్చేసింది కదా, ముందు ప్లగ్ జోలికి వెళ్లకండి. ఏళ్ల తరబడి ఏ గోడౌన్ మూలనో పడి ఉన్న, ఒకప్పుడు పార్లర్లో నాణెం వేసి ఆడిన గేమ్ మెషీన్‌ని ట్రాలీ ఆటోలో ఎక్కించి, నలుగురు పట్టి మోసి, హాల్లో నిలబెట్టాక, పిల్లలు చుట్టూ మూగితే "ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం" అని ఎవరికైనా చెయ్యి లాగుతుంది. నేనూ అదే చేశాను. పాతపట్నంలో ఒక రేకుల షెడ్డులోంచి తెచ్చిన మొదటి పెట్టెకి ఆ రాత్రే కరెంటు ఇచ్చాను. నాలుగైదు సెకన్లు తెర మీద రంగు గీతలు పరిగెత్తాయి, తర్వాత లోపల టప్‌మని చప్పుడు, కాలిన వాసన. పవర్ సప్లైలో కెపాసిటర్ (ఛార్జ్ దాచుకునే చిన్న డబ్బాలాంటి భాగం) పేలింది, దాంతోపాటు గేమ్ బోర్డు కూడా పోయింది. అలాంటి బోర్డు నాకు మళ్లీ దొరకలేదు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే వరుస ఇలా పెట్టుకోండి: చెక్క ముందు, ఇనుము తర్వాత, ఆ తర్వాత వైర్లు, బోర్డులు, కరెంటు అన్నిటికంటే ఆఖర్న.

మన విశాఖలో ఈ వరుస ఇంకా ముఖ్యం. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఇళ్లల్లో కిటికీ గ్రిల్స్ ఎంత తొందరగా తుప్పు పడతాయో మీకు తెలుసు. ఆ సముద్రపు ఉప్పు గాలే పెట్టె వెనక తలుపు సందుల్లోంచి లోపలికీ వెళ్తుంది. రాగి తీగల మీద పచ్చటి చిలుము, కనెక్టర్ల మీద తెల్లటి పొడి, స్క్రూ తలల మీద ఎర్రటి పెచ్చులు కనపడతాయి. ఉప్పు ఎక్కడ పేరుకుంటే అక్కడ తేమని పట్టి ఉంచుతుంది, ఆ తడి పొర కరెంటుకి లేని దారి చూపిస్తుంది. బయటికి బాగానే కనిపించే మెషీన్ ఆన్ చెయ్యగానే కాలిపోవడానికి ఇదొక కారణం.

ఏం తెచ్చుకున్నారో చూసుకోండి

వెనక తలుపు తీసి టార్చ్ వేసి చూడండి. మన ఊరి పార్లర్లలో నేను చూసిన పెట్టెలు చాలావరకు ఇక్కడి వడ్రంగి చేత ప్లైవుడ్‌తో కట్టించినవే, లోపల మామూలు టీవీ పిక్చర్ ట్యూబ్. బయటి దేశాల నుంచి వచ్చినవి అరుదు. వాటిలో 110 వోల్టుల మీద నడిచేవి ఉండొచ్చు, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ మీద, పవర్ సప్లై మీద రాసిన వోల్టేజీ ముందే చదువుకోండి.

తర్వాత గేమ్ బోర్డు దగ్గర వైర్ల గుత్తి ఎలా ముగిసిందో చూడండి. ఒక్కో వైపు 28 చొప్పున మొత్తం 56 పిన్నులున్న పొడవాటి కనెక్టర్ ఉంటే అది జామా వైరింగ్. జపాన్ తయారీదారుల సంఘం 1985లో తెచ్చిన పద్ధతి ఇది, ఆ సంఘం పేరే దీనికీ వచ్చింది. దీనివల్ల పెట్టె అదే ఉంచి బోర్డు మాత్రం మార్చుకోవచ్చు. మన వాళ్లందరూ "ముస్తఫా" అని పిలుచుకునే క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ లాంటి తొంభైల నాటి ఆటలు ఇలా వచ్చినవే. ఒక్క మాట గుర్తుంచుకోండి, జామాలో ఒక్కో ఆటగాడికి మూడు బటన్లే ఉంటాయి. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2కి ఆరు కావాలి కాబట్టి, కాలితో తన్నే మూడు బటన్లకి బోర్డు మీద వేరే చిన్న కనెక్టర్ ఉంటుంది. ఆ వైరు కనిపిస్తే "ఇదేదో అదనం" అని పీకెయ్యకండి. 1978 స్పేస్ ఇన్‌వేడర్స్, 1980 ప్యాక్‌మ్యాన్ కాలం మెషీన్లకి ఈ పద్ధతే లేదు, దేని వైరింగ్ దానిదే. అలాంటిది మీ చేతికి వస్తే ఒక్క తీగ కూడా కత్తిరించకండి.

ఇప్పుడు ఫోన్ తీసి ఫోటోలు కొట్టండి. ఏ వైరు ఎక్కడికి వెళ్తోందో దగ్గర్నుంచి, దూరం నుంచి, రెండు పక్కల నుంచీ. ప్రతి కనెక్టర్‌కీ తెల్ల టేపు చుట్టి పెన్నుతో పేరు రాయండి. మూడు నెలల తర్వాత బిగించేటప్పుడు మీ జ్ఞాపకం కన్నా ఈ టేపు ముక్కలే పనికొస్తాయి.

పిక్చర్ ట్యూబ్ దగ్గర తొందర వద్దు

ఇది ప్రాణం మీదికి వచ్చే పని, అందుకే నిదానంగా చెప్తాను. రంగుల పిక్చర్ ట్యూబ్ నడుస్తున్నప్పుడు దాని మీద ఇరవై వేల వోల్టులకి పైగా ఉంటుంది, ప్లగ్ తీసేసిన తర్వాత కూడా ఆ ఛార్జ్ చాలాసేపు గాజులోనే నిలిచి ఉండొచ్చు. ట్యూబ్ వీపు మీద గుండ్రటి రబ్బరు టోపీ, దాంట్లోంచి లావాటి ఎర్ర వైరు కనిపిస్తాయి చూడండి, టీవీ మెకానిక్కులు ఈహెచ్‌టీ (అంటే చాలా ఎక్కువ వోల్టేజీ) అనేది దాన్నే.

నాకు ఇది నేర్పింది కంచరపాలెంలో ఒక పెద్దాయన, నలభై ఏళ్లుగా టీవీలు బాగుచేస్తున్నారు. "మాస్టారూ, గ్లోవ్స్ వేసుకోవాలా?" అని అడిగితే, "గ్లోవ్స్ సంగతి తర్వాత బాబూ, ముందు ఎడం చెయ్యి వెనక జేబులో పెట్టుకోండి" అన్నారు. రెండు చేతులూ లోపల పెడితే షాక్ ఒక చేతిలోంచి గుండె మీదుగా రెండో చేతిలోకి పోతుంది, అందుకు.

పద్ధతి ఇదీ. ప్లగ్ పూర్తిగా ఊడదీయండి, స్విచ్ ఆపితే చాలదు. పొడవాటి చదును స్క్రూడ్రైవర్, పిడికి మంచి ప్లాస్టిక్ తొడుగు ఉన్నది తీసుకోండి. రెండు చివర్లా క్రోకడైల్ క్లిప్పులున్న వైరు ఒకటి కావాలి. ట్యూబ్ వెనక భాగాన్ని చుట్టి తొడుగు లేని జడలాంటి ఎర్తు తీగ ఒకటి ఉంటుంది, ముందు ఒక క్లిప్పు దానికి పెట్టండి, తర్వాత రెండోది స్క్రూడ్రైవర్ లోహపు భాగానికి. ఒక్క చేత్తో, పిడి మాత్రమే పట్టుకుని, స్క్రూడ్రైవర్ కొనని రబ్బరు టోపీ కిందికి మెల్లగా జరపండి, లోపలి కొక్కేనికి తగిలేదాకా. టిక్‌మని వినపడొచ్చు, ఏమీ వినపడకపోనూవచ్చు. ఐదు నిమిషాలాగి మళ్లీ చెయ్యండి, ఎందుకంటే గాజులో మిగిలిన ఛార్జ్ మళ్లీ పైకి తేలుతుంది. ఛాసిస్ (ట్యూబ్‌ని నడిపే సర్క్యూట్ బోర్డు) మీద ఉన్న అన్నిటికంటే పెద్ద కెపాసిటర్‌లోనూ ఛార్జ్ ఉంటుంది, దాన్ని పాత గాజు బల్బు పెట్టిన హోల్డర్ వైర్లతో ఖాళీ చేసి, మీటర్‌తో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

ఇది చదువుతుంటేనే టెన్షన్ వస్తోందంటే, మంచిదే, ఈ ఒక్క పనికి పాత టీవీ మెకానిక్‌ని పిలిపించుకోండి. ట్యూబ్‌ని ఎప్పుడూ వెనక సన్నటి మెడ పట్టుకుని ఎత్తకండి, అది చాలా సులువుగా విరుగుతుంది. కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకుని, ఇద్దరు పట్టి, మందపాటి బొంత పరిచి ముఖం కిందికి ఉండేలా దించండి.

చెక్క

ట్యూబ్, బోర్డు, పవర్ సప్లై, కాయిన్ డోర్, కంట్రోల్ ప్యానెల్ అన్నీ బయటికి వచ్చాక మిగిలేది ఖాళీ పెట్టె. దాన్ని పక్కకి పడుకోబెట్టి అడుగు చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో కింద నుంచి పైకి కొడుతూ రండి. గట్టి చెక్క ఖణేల్‌మంటుంది, కుళ్లినది మెత్తగా, మూగగా పలుకుతుంది. మట్టి గీతలు కనిపిస్తే చెదలు.

నా రెండో పెట్టె అడుగున జానెడు ఎత్తులో ఒక నల్లటి నీటి గీత ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు షెడ్డు రేకులు లేచిపోయి రాత్రంతా వాన లోపలే కురిసిందని యజమాని చెప్పారు. ఆ గీత కింద ఉన్న పార్టికల్ బోర్డు చాయ్‌లో ముంచిన బిస్కెట్టులా ఉబ్బి, గోరు పెడితే రాలిపోయేది. అలా ఉబ్బినదాన్ని జిగురు పోసి గట్టిపరచడం మీద నాకు నమ్మకం లేదు, కొన్నాళ్లకి మళ్లీ విచ్చుకుంటుంది. గీతకి రెండంగుళాలు పైన స్కేలు పెట్టి తిన్నగా కోసి, కింది భాగం మొత్తం మార్చెయ్యండి. కొయ్యకముందు పాత ఆకారాన్ని అట్ట మీద గీసి పెట్టుకోండి. కొత్త ముక్కకి పాత చెక్కంత మందమే ఉండాలి, సాధారణంగా 18 ఎంఎం, తీసుకునేది మెరైన్ ప్లై. దాని మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూడండి, డిపోలో "అదీ ఇదీ ఒకటే సార్" అని ఐఎస్ 303 మామూలు ప్లై అంటగట్టబోతే వద్దనండి, నేలకి తగిలే చోట తేడా తెలుస్తుంది. అతుకు వెనక నాలుగంగుళాల బద్ద వేసి, నీటికి ఊడని ఫెవికాల్ రాసి, స్క్రూలు బిగించి, ఒక రోజు క్లాంపుల్లో వదిలెయ్యండి. లోపలి పచ్చి చెక్కకంతా చెదల మందు పట్టించండి, డాబా మీదో వరండాలోనో, మాస్కు పెట్టుకుని. ఆఖరికి నాలుగు మూలలా రబ్బరు బుష్‌లు వేసి పెట్టెని నేల నుంచి అంగుళం లేపండి. మన ఇళ్లల్లో తడిగుడ్డతో తుడిచే అలవాటుకి ఆ అంగుళమే రక్ష.

పక్క పలకల మీద పాత బొమ్మలుంటే సాండ్‌పేపర్ పట్టుకునే ముందు ఆగండి. ఎదురుగా నిలబడి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తియ్యండి, ట్రేసింగ్ కాగితం మీద గీతలు ఎత్తుకోండి. ఒకసారి గీకేస్తే ఇంక అంతే. రంగు ముక్క ఒకటి పెయింట్ షాపుకి తీసుకెళ్తే మెషీన్ మీద దగ్గర షేడ్ కలిపి ఇస్తారు. తర్వాత సాండ్‌పేపర్ 80 నంబరుతో మొదలుపెట్టి 120, ఆపైన 220. ప్రైమర్, గుంటల్లో లప్పం, మళ్లీ ప్రైమర్, ఫోమ్ రోలర్‌తో రంగు మూడు పలచటి కోట్లు. ఈ పని జనవరి నుంచి మార్చిలోపు పెట్టుకోండి. ఉక్కపోతగా, గాలిలో నీళ్లున్నట్టు ఉండే రోజుల్లో లాకర్ (మెరుపునిచ్చే పూత) కొడితే పైన పాలు ఒలికినట్టు తెల్లటి పొర కడుతుంది. కోటుకీ కోటుకీ మధ్య ఉప్పు దుమ్ముని తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే తర్వాతి కోటు.

ఇనుము

కాయిన్ డోర్ తుప్పుని వైర్ బ్రష్‌తో గీకి, మిగిలినదానికి తెల్ల వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టండి. కడిగాక వెంటనే ఆరబెట్టి ప్రైమర్ కొట్టాలి, మన గాలిలో తెల్లారేదాకా వదిలేస్తే మళ్లీ ఎర్రబడుతుంది. పౌడర్ కోటింగ్ చేయించుకుంటే ఇంకా మన్నుతుంది, గాజువాక ఆటోనగర్ వైపు అడిగి చూడండి. ఆ పొడిని కరిగించడానికి సుమారు 200 డిగ్రీల వేడి పెడతారు, కాబట్టి ఇచ్చే ముందు తాళం, ప్లాస్టిక్ ముక్కలు, రబ్బరు అన్నీ ఊడదీసుకోండి.

కంట్రోల్ ప్యానెల్ దగ్గర మాత్రం నా అభిప్రాయం వేరు. నా పెట్టె ప్యానెల్‌లో జాయ్‌స్టిక్‌కి ఎడమ పక్కన అరచేతి మడమ ఆనే చోట రంగు పూర్తిగా పోయి, లోపలి రేకు అద్దంలా నున్నగా తేలింది. దాని అంచున పాత నీలం, దాని కింద ఇంకా పాత ఎరుపు, పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఎంతమంది పిల్లలు, ఎన్ని సాయంత్రాలు అక్కడ చెయ్యి ఆనిస్తే అలా అరిగిందో. దాని మీద కొత్త రంగు వెయ్యలేదు. సబ్బు నీళ్లతో తుడిచి, తుప్పు లేదని చూసుకుని, పారదర్శకమైన వార్నిష్ రెండు కోట్లు కొట్టి వదిలేశాను. పక్కనే బ్లేడుతో చెక్కిన పేరు కూడా అలాగే ఉంది. మీరూ ఆలోచించుకోండి, కుళ్లినది మార్చక తప్పదు, అరిగినది ఉంచుకోవచ్చు.

బటన్లకి వచ్చేసరికి, కొత్తవి కొనే ముందు రంధ్రం కొలవండి. జపాన్ పద్ధతివి 30 ఎంఎం, అమెరికా పద్ధతివి సుమారు 28 ఎంఎం. ఒక్కోసారి బటన్ బాగానే ఉండి కింద మైక్రోస్విచ్ మాత్రమే పోయి ఉంటుంది, అది డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగితే తక్కువకే వస్తుంది. మూడు కాళ్లలో కామన్, ఎన్‌ఓ (నొక్కితేనే కలిసేది) వాడాలి, ఎన్‌సీకి (నొక్కకపోయినా కలిసి ఉండేదానికి) కలిపితే బటన్ ఎప్పుడూ నొక్కినట్టే ఉంటుంది. అన్ని స్విచ్‌ల కామన్‌లనీ కలుపుతూ ఒకే నల్ల వైరు తిరుగుతుంది. అది ఒక చోట తెగితే ఆ తర్వాతవన్నీ ఒకేసారి పనిచెయ్యడం మానేస్తాయి, కాబట్టి నాలుగు బటన్లు కలిసికట్టుగా పోతే ముందు ఆ నల్ల వైరునే చూడండి.

బోర్డు, ఛాసిస్

బోర్డు మీద బ్యాటరీ ఉందా? నియోజియో బోర్డుల్లాంటి వాటి మీద రీఛార్జ్ అయ్యే 3.6 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, పాతదైతే కారిపోయి చుట్టూ ఉన్న రాగి గీతల్ని తినేస్తుంది. దాన్ని వెంటనే తీసెయ్యండి. కారిన చోట తెల్ల వెనిగర్ తడిపిన ఇయర్‌బడ్‌తో రుద్ది, నీళ్లతో, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగండి. క్యాప్‌కామ్ బోర్డులు కొన్నిటిలో మాత్రం బ్యాటరీ తీస్తే రహస్య కోడ్ చెరిగిపోయి బోర్డే పనిచెయ్యదు, కాబట్టి తీసే ముందు ఏ కంపెనీదో, ఏ మోడలో తెలుసుకోవాలి. కనెక్టర్‌లోకి దిగే బంగారు రంగు పట్టీలని పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి, నల్లదనమంతా రబ్బరుకి వస్తుంది, ఆపైన ఆల్కహాల్. సగం బోర్డులు దీనితోనే లేచి కూర్చుంటాయి.

మానిటర్ ఛాసిస్‌లో ముందు ఎండిపోయేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, అందులోనూ వేడిని లాగే లోహపు రెక్కల (హీట్‌సింక్‌ల) పక్కన ఉన్నవి. బొమ్మ పైనో కిందో మడతపడినా, ఎత్తు తగ్గినా, అలల్లా ఊగినా అవే కారణం కావొచ్చు. ఒకటొకటిగా మార్చండి, అన్నీ ఒకేసారి పీకితే ఏది ఎక్కడిదో గందరగోళం. మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీలవి తీసుకోండి, మైనస్ గీత ఏ వైపుందో రెండుసార్లు చూసుకోండి. అలాగే భూతద్దం పెట్టి ఎల్ఓటీ (ట్యూబ్‌కి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) కాళ్ల చుట్టూ చూస్తే సోల్డర్‌లో ఉంగరంలా సన్నటి పగులు కనపడొచ్చు, కొత్త సోల్డర్ వేస్తే సరిపోతుంది.

ట్యూబ్ గాజు మీద పాత ఆట అక్షరాలు కాలిన మచ్చలా నిలిచిపోయి ఉంటే దానికి మందు లేదు, ట్యూబ్ మార్చడమే. ఆట నడుస్తున్నప్పుడు అది పెద్దగా కనపడదు, నేనైతే ఉంచేస్తాను. ట్యూబ్ పూర్తిగా చచ్చిపోతే చతురస్రంలా ఉండే పాత ఎల్‌సీడీ, సిగ్నల్ మార్చే చిన్న కన్వర్టర్ బోర్డు పెట్టుకోవచ్చు. ఆ 17, 19 అంగుళాలవి 5:4 నిష్పత్తివి, ఆటలు 4:3, కాబట్టి పైనా కిందా కాస్త నల్ల పట్టీ వదలండి, సాగదీయకండి.

ఇప్పుడు కరెంటు

మూడు పిన్నుల ప్లగ్, లోపల ఫ్యూజు, ఇవి రెండూ లేకుండా ముందుకి వెళ్లొద్దు. పాత పెట్టెల్లో రెండు వైర్లే లాగి ఎర్తు వదిలేసినవి చాలా చూశాను. ఎర్తు వైరు కాయిన్ డోర్‌కీ, కంట్రోల్ ప్యానెల్ రేకుకీ, పవర్ సప్లై బాడీకీ కలపాలి. చెమట చేతులతో పిల్లలు పట్టుకునేది ఆ రేకునే. మానిటర్‌కి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (మెయిన్స్ నేరుగా తగలకుండా వేరుచేసేది) ఉండి ఉంటే అది తీసెయ్యకండి, ఛాసిస్ నేరుగా మెయిన్స్‌కి కలిసి ఉండే రకం అయ్యుండొచ్చు.

మొదటిసారి ఆన్ చేసేది సీరీస్ బల్బు మీద, అంటే పెట్టెకి వెళ్లే కరెంటు ముందు ఒక బల్బు గుండా వెళ్లేలా. ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరైనా ఆ బోర్డు ఉంటుంది, 100 వాట్ల పాత గాజు బల్బు వేసింది. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే సరే, నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, ఆపెయ్యండి. ముందు పవర్ సప్లై ఒక్కటే, గేమ్ బోర్డు తగిలించకుండా, 12 వోల్టుల వైపు లోడ్‌గా కారు ఇండికేటర్ బల్బు ఒకటి పెట్టి చూడండి. అది సరే అనిపించాక సీరీస్ బల్బు తీసేసి, జామా కనెక్టర్ దగ్గరే మీటర్ పెట్టి 5 వోల్టులు, 12 వోల్టులు వస్తున్నాయా కొలవండి. ఆపి, బోర్డు తగిలించి, మళ్లీ కొలిస్తే 5 వోల్టులు కాస్త తగ్గి ఉండొచ్చు. సప్లై మీద ఉన్న చిన్న నాబ్ తిప్పి 5.0కీ 5.1కీ మధ్య ఉంచండి, తక్కువైతే ఆట మధ్యలో రీసెట్ అవుతుంది, మరీ పెంచితే చిప్‌లు పోతాయి. కనెక్టర్‌లో ఏడో పిన్ను దగ్గర అడ్డు ముక్క ఉండాలి, అది ఊడిపోయి ఉంటే బోర్డు తిరగేసి దిగే ప్రమాదం ఉంది, పెట్టే ముందు పైనేదో కిందేదో మార్కర్‌తో రాసుకోండి.

మానిటర్ విడిగా, ఆ తర్వాత. తెర మధ్యలో ఒక్కటే అడ్డగీత ప్రకాశంగా వస్తే వెంటనే ఆపండి, ఎక్కువసేపు ఉంచితే అక్కడ ఫాస్ఫర్ (తెర లోపల వెలిగే పూత) కాలిపోతుంది. బొమ్మ వచ్చాక అరగంట వేడెక్కనిచ్చి అప్పుడు రంగులు, సైజు సర్దుకోండి.

పై పేరు పలక వెనక పాత ట్యూబ్‌లైటు, చోకు తీసి ఎల్‌ఈడీ బ్యాటెన్ పెట్టండి, వేడి తగ్గుతుంది, బొమ్మ రంగు వెలిసిపోదు. అంచుల్లో ఇంగ్లీషు T అక్షరం ఆకారపు ప్లాస్టిక్ పట్టీ వంపుల దగ్గర తిరగనంటే వేడి నీళ్లలో ముంచి, లోపలి నాలుక మీద అక్కడక్కడా చిన్న గాట్లు పెడితే చక్కగా కూర్చుంటుంది.

పెట్టెని ఎక్కడ పెడతారంటే, సముద్రం వైపు కిటికీకి ఎదురుగా వద్దు, గోడకి ఆనించీ వద్దు, వెనక ఆరంగుళాలు గాలి ఆడాలి. లోపల సిలికా జెల్ సంచులు రెండు వేలాడదీసి, వానాకాలంలో నెలకోసారి మార్చండి. జూన్ నుంచి నవంబరు దాకా వారానికి రెండుసార్లైనా అరగంట ఆడండి, ఆ వేడికే లోపలి తేమ పోతుంది. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు మాత్రం ప్లగ్ తీసి, వెనక తలుపు మీద ప్లాస్టిక్ షీటు కప్పండి.